పట్టాలు తుడిచారా?

మన తెలుగువాళ్ల పలకరింపులకు నిఘంటువులో అర్థాలు వెతక్కూడదు. మధ్యాహ్నం మూడింటికి ఎదురైన పెద్దాయన "ఏం బాబూ, భోజనాలయ్యాయా?" అంటారు. కాలేదంటే పెట్టడానికి ఆయన చేతిలో క్యారియరేమీ ఉండదు. చెప్పులేసుకుంటుంటే పక్కింటావిడ "ఎటో బయల్దేరినట్టున్నారే" అంటుంది. ఎటు వెళ్తున్నామో ఆవిడకి అక్కర్లేదు. నువ్వు కనిపించావు, నేను చూశాను. అంతే సంగతి.

మా బృందానికి కూడా అలాంటి పలకరింపు ఒకటుంది. ఫోనెత్తగానే "హలో" కన్నా ముందు వచ్చేస్తుంది.

"పట్టాలు తుడిచారా?"

మాది బొమ్మ రైళ్ల బృందం. అలా అంటే మాలో కొందరు నొచ్చుకుంటారు, "మోడల్ రైల్వే అనాలి" అని సరిదిద్దుతారు. మెట్టుగూడ, లాలాగూడ, మౌలాలి చుట్టుపక్కల ఉండే ఐదుగురం. నెలకి రెండు ఆదివారాలు ఎవరో ఒకరింట్లో చేరతాం. ఒక రిటైర్డ్ గార్డు గారు, ఒక పళ్ల డాక్టరు గారు, ఫ్లెక్సీ షాపు నడిపే అన్న, ఇంటర్ చదివే కుర్రాడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకునే నేను. గార్డులని 2022 నుంచి 'ట్రైన్ మేనేజర్' అంటున్నారు. మా ఆయన మాత్రం "మేనేజర్లు ఏసీ గదుల్లో ఉంటారయ్యా, నేను బ్రేక్ వ్యాన్‌లో ఉన్నవాణ్ణి" అంటారు. కాబట్టి మాకు గార్డు గారే.

రైళ్లు తిరిగే బల్లని లేఅవుట్ అంటారు. హైదరాబాద్‌లో ఈ మాటతో పెద్ద చిక్కు. ఆఫీసులో ఒకసారి "గార్డు గారికి మెట్టుగూడలో లేఅవుట్ ఉంది" అన్నాను. పక్క సీటు మిత్రుడు వెంటనే కుర్చీ ఇటు తిప్పి "ఎన్ని గజాలు?" అన్నాడు. ఎనిమిదడుగులు ఇంటూ నాలుగడుగుల ప్లైవుడ్ షీటు. లెక్కేస్తే మూడున్నర గజాలు. "కార్నర్ బిట్టా?" అన్నాడు. అవును, పడగ్గదిలో కార్నర్.

ఇక పట్టాల సంగతి. ఈ రైళ్లలో ఎక్కువ వాటికి బ్యాటరీ ఉండదు. కరెంటు పట్టాల్లోంచి చక్రాలకీ, చక్రాల్లోంచి మోటారుకీ వెళ్తుంది. పట్టా మీద దుమ్ము, నూనె జిడ్డు, లోహం మీద పేరుకునే నల్లటి పొర, వీటిలో ఏదొచ్చినా ఇంజిన్ ముక్కుతుంది, మూలుగుతుంది, చివరికి ఆగిపోతుంది. మెత్తటి గుడ్డకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడుస్తాం. తుడిచాక గుడ్డ చూస్తే వంటింటి మసిగుడ్డే నయం. రోజూ బండి నడిపేవాళ్ల పట్టాలు కాస్త శుభ్రంగానే ఉంటాయి, చక్రాలు తిరుగుతూ ఉంటాయి కాబట్టి. నెల రోజులు ఎవరూ ముట్టుకోని పట్టాలు మాత్రం తప్పకుండా మొరాయిస్తాయి.

అంటే "పట్టాలు తుడిచారా?" అనే ప్రశ్నలో ఇంకో ప్రశ్న ఉంది. ఈ మధ్య బండి నడిపారా? నడిపేంత తీరిక, మనసు ఉన్నాయా? ఇది మాలో ఎవరూ కూర్చుని ఆలోచించి పెట్టింది కాదు. అలా స్థిరపడిపోయింది.

ఈ సరదా ఉన్నవాళ్లు ఇద్దరు కొత్తగా కలిస్తే మొదట వచ్చే ప్రశ్న "ఏ స్కేలు?" అసలు రైలుని 87 వంతులు తగ్గిస్తే హెచ్‌ఓ. 160 వంతులు తగ్గిస్తే ఎన్. రెండో ప్రశ్న "డీసీయా, డీసీసీయా?" డీసీ పాత పద్ధతి, పట్టాలో ఎంత కరెంటు పంపితే బండి అంత వేగం. డీసీసీ డిజిటల్ పద్ధతి, ప్రతి ఇంజిన్‌లో ఒక చిప్పు, దానికో నంబరు, ఎవరిని పిలిస్తే వాళ్లే కదులుతారు. మూడో ప్రశ్న గొంతు కాస్త తగ్గించి అడుగుతారు: "ఇంట్లో ఏమంటున్నారు?"

మూడో ప్రశ్న దగ్గర స్నేహం మొదలవుతుంది. ఎందుకంటే ఇది ఖర్చుతో కూడిన పని. సరుకులో ఎక్కువ భాగం విదేశాల నుంచి రావాలి, ధరకి తోడు సుంకం. ఇంజిన్ ఇంట్లోకి అడుగుపెట్టేసరికి దాని ధరలో ఒక సున్నా ఎక్కడో రాలిపోతుంది. ఫ్లెక్సీ అన్న భార్య దగ్గర ప్రతి ఇంజినూ "అదే పాతది వదినా, రంగు వేశాం" అని మేం నలుగురం సాక్ష్యం చెబుతాం. వదిన నమ్మినట్టు తలూపి టీ పెడుతుంది. ఆవిడకి లెక్క వచ్చునని అన్నకి తప్ప అందరికీ తెలుసు.

మా కబుర్లలో సగం తెగని తగాదాలే. మన బ్రాడ్ గేజ్ వెడల్పు 1676 మిల్లీమీటర్లు. 87తో భాగిస్తే 19 పైన రావాలి. కానీ బజార్లో దొరికే హెచ్‌ఓ పట్టా 16.5 మిల్లీమీటర్లు. అది 1435 మిల్లీమీటర్ల స్టాండర్డ్ గేజ్ లెక్క. అంటే మన ఇంజిన్ దొరల పట్టాల మీద కాళ్లు దగ్గరగా పెట్టుకుని నడుస్తుంది. "పర్లేదు, ఎవరు కొలుస్తారు" అనేది అన్న పక్షం. "నేను కొలుస్తాను" అనేది డాక్టరు గారి పక్షం. నాలుగేళ్లుగా వాయిదాలు నడుస్తున్నాయి.

ఇంకోటి రాజమండ్రి హేవలాక్ వంతెన. 1900లో మొదలై 1997లో రిటైరైన పాత వంతెన. దాన్ని కొలత ప్రకారం కట్టాలని కుర్రాడి కోరిక. 150 అడుగుల స్పాన్లు 56. కాగితం మీద భాగించి చూశాం. హెచ్‌ఓలో ఆ స్పాన్లే 96 అడుగులు దాటాయి. "మా ఇంటి నుంచి మొదలుపెడితే కిరాణా కొట్టు దగ్గర తేల్తుంది" అన్నారు గార్డు గారు. 24 ఎల్‌హెచ్‌బీ బోగీల బండి పెట్టాలన్నా 21 అడుగులు కావాలి, మా గదులకి అంత పొడవు లేదు. అందుకే మా గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి ఐదే బోగీలు. మిగతా 19 ఉన్నాయని అందరం ఒప్పుకుంటాం. ఈ ఒప్పుకోవడం కూడా స్నేహంలో భాగమే. నీ ఐదు బోగీలు నేను ఇరవై నాలుగుగా చూస్తాను, నా థర్మోకోల్ కొండని నువ్వు అనంతగిరిగా చూడు.

పైగా ఈ పనిలో ఎవరికీ అన్నీ రావు. డాక్టరు గారి దగ్గర పళ్లు గోకే సన్నటి పరికరాలుంటాయి, పాయింట్ల సందుల్లో ఇరుక్కున్న కంకర వాటితో తీస్తారు. బోగీల రంగులూ అక్షరాలూ అన్న తన మెషీన్ మీద స్టిక్కర్లుగా కొట్టిస్తాడు. నా వంతు చిప్పులకి నంబర్లు పెట్టడం. డీసీసీ ఇంజిన్లు ఫ్యాక్టరీ నుంచి 3 అనే నంబరుతో వస్తాయి. ఎవరైనా కొత్తది కొని నంబరు మార్చకుండా పట్టాల మీద పెడితే, 3 నొక్కగానే రెండు బళ్లు ఒకేసారి బయల్దేరతాయి. ఒకటి ఇటు, ఒకటి అటు. అప్పుడు అందరూ నావైపు చూస్తారు. ఆఫీసులో నా కోడ్ వైపు ఎవరూ అంత ఆశగా చూడరు.

ఇది మా సికింద్రాబాద్ వాళ్ల కథే కాదు. బ్రిటిష్ గాయకుడు రాడ్ స్టూవర్ట్ ఇరవై ఏళ్లకు పైగా ఇంట్లో ఒక అమెరికన్ నగరాన్ని రైళ్లతో సహా కట్టుకున్నారు. పాటల టూర్లకి వెళ్లినప్పుడు ఈ పని కోసం హోటల్లో ఇంకో గది తీసుకునేవారట. 2019లో ఇదంతా వేరేవాళ్లతో కట్టించి ఉంటాడన్న మాట రేడియోలో వినిపిస్తే, ఆయనే ఫోన్ చేసి నూటికి తొంభై పాళ్లు నేనే చేశానని చెప్పారు. కరెంటు పని మాత్రం చేతకాక వేరొకరితో చేయించుకున్నానని ఒప్పుకున్నారు. అంత పెద్ద స్టారుకీ వైరింగ్ దగ్గర ఇంకో మనిషి కావలసి వచ్చాడు.

నాకు బాగా నచ్చే కథ ఇంకోటుంది, అది మా వృత్తికి సంబంధించింది. అమెరికాలోని ఎంఐటీలో 1946లో విద్యార్థులు టెక్ మోడల్ రైల్‌రోడ్ క్లబ్ పెట్టుకున్నారు. కొందరికి బోగీలు, కొండలు, రంగులు ఇష్టం. ఇంకొందరికి బల్ల కింద దూరి తీగలు, టెలిఫోన్ రిలేలు కలపడం ఇష్టం. ఆ బల్ల కింద బ్యాచే తర్వాత అక్కడికి వచ్చిన కంప్యూటర్ల వెంటపడింది. 1959లో పీటర్ శామ్సన్ అనే సభ్యుడు క్లబ్ వాళ్ల మాటలన్నీ ఒక చిన్న నిఘంటువుగా రాశాడు. మేం ఆఫీసులో రోజూ వాడే 'హ్యాక్' అందులో ఉంది. పాత కోడ్‌లో పేరుకున్న చెత్తని 'క్రఫ్ట్' అంటాం, అదీ ఉంది. వేరియబుల్‌కి పేరు తోచకపోతే 'ఫూ' అని పెడతాం, అదీ ఉంది. రైలు బల్ల చుట్టూ నలుగురు కుర్రాళ్లు ఊరికే అనుకున్న మాటలు ఇవాళ హైటెక్ సిటీలో జీతాలు తీసుకుంటున్నాయి.

ఊసుపోక మాటలు అని తీసిపారేస్తాం గానీ, అవి ఎంత బరువు మోస్తాయో గార్డు గారి విషయంలో చూశాను.

ఆయన అలవాటు ఒకటి చెప్పాలి. కొత్త బండి పట్టాలెక్కితే మేమంతా ఇంజిన్ చూస్తాం. ఆయన ఆఖరి బోగీ చూస్తారు. దాని వెనక ఎల్‌వీ బోర్డు, అంటే 'లాస్ట్ వెహికల్' బోర్డు లేకపోతే బండిని కదలనివ్వరు. అసలు రైల్వేలో ఆ బోర్డు కనిపిస్తేనే బండి మధ్యలో తెగకుండా పూర్తిగా వచ్చిందని స్టేషన్‌వాళ్లకి రూఢి అవుతుంది. ఆదివారం రాత్రి మేం వెళ్లాక ఒక్కొక్కరికీ ఫోన్ చేసి "చేరారా?" అని అడిగేది కూడా ఆయనే. అన్న దాన్ని ఎల్‌వీ ఫోన్ అంటాడు.

ఒకప్పుడు ఆయన ఆదివారాలు తప్పడం మొదలైంది. ఎందుకు రాలేదంటే "సిగ్నల్ దొరకలేదయ్యా, ఔటర్‌లో ఉన్నాను" అనేవారు. నవ్వుకునేవాళ్లం. ఆయన భార్యకి డయాలసిస్ నడుస్తోందని తర్వాత తెలిసింది. ఎందుకు చెప్పలేదని డాక్టరు గారు అడిగితే ఆయన జవాబు ఇది: "ఇంటికొచ్చినవాళ్లందరూ క్రియాటినిన్ ఎంత అనే అడుగుతున్నారు. పట్టాలు తుడిచావా అని అడిగేది మీరొక్కరే. అది కూడా పోగొట్టుకోమంటారా?"

ఈ మాట గురించి చాలా ఆలోచించాను. చిన్న కబుర్ల వెనక మగవాళ్లు దాక్కుంటారని అంటారు. నిజమే, దాక్కుంటారు. కానీ ఎండలో నడిచేవాడు చెట్టు కింద ఆగడం కూడా దాక్కోవడంలాగే కనిపిస్తుంది.

ఆవిడ పోయారు. పెద్దకర్మ అయింది. రెండు నెలలు గడిచాయి. బల్ల మీద ఆయన పాత దుప్పటి కప్పేశారు. బెంగళూరులో ఉన్న కూతురు తన దగ్గరికి వచ్చేయమంటోంది. వెళ్తే ఈ బల్ల వెంట రాదు, విప్పి ఎవరికైనా ఇచ్చేయాల్సిందే. మాలో ఎవరికీ ఏం మాట్లాడాలో తెలియదు. ఓదార్పు మాటలు మాకు రావు. ఒక రాత్రి అన్న ఫోన్ చేసి, నోటికి వచ్చిన అదే మాట అన్నాడు. "పట్టాలు తుడిచారా?"

"ఎవరి కోసం?" అన్నారాయన.

ఆ ప్రశ్నకి అన్ని రోజుల్లో ఎవరూ అలా సూటిగా జవాబు చెప్పలేదు.

ఆ ఆదివారం చెప్పాపెట్టకుండా నలుగురం వెళ్లాం. గుడ్డలు, సీసా, డాక్టరు గారి పరికరాల పెట్టె. దుప్పటి తీసి మడత పెట్టి పని మొదలుపెట్టాం. ఆయన కాసేపు గుమ్మంలో నిలబడి, "అక్కడ గట్టిగా రుద్దకు నాయనా, జాయింటు ఊడుతుంది" అని కుర్రాణ్ణి కసిరి, తనూ ఒక గుడ్డ తీసుకున్నారు. రెండు గంటలు పట్టింది. అందరి తలలూ వంచే ఉన్నాయి. ఎవరూ ఎవరి మొహం చూడనక్కర్లేదు. అలాంటప్పుడు మాటలు వస్తాయి.

స్టేషన్ దగ్గరికి వచ్చేసరికి ప్లాట్‌ఫారం మీది బొమ్మల దుమ్ము కుంచెతో దులుపుతూ చెప్పారు. ఆ బొమ్మలు జర్మనీ సరుకు. ఒక్కోటి రెండు సెంటీమీటర్ల ఎత్తు. కోట్లు, టోపీలు, గౌన్లు. "మన స్టేషన్లో ఈ దొరసానులేంటండీ, ఒక్కదానికీ జడ లేదు" అని ఆవిడే కూర్చుని, గోళ్లరంగు కుంచెతో గౌన్లన్నీ చీరలు చేసిందట. సిగలు దిద్ది, అగ్గిపుల్ల మొనతో తెల్లచుక్కలు పెట్టి మల్లెపూలంది. డయాలసిస్ లేని రోజుల్లో చేసిన పని అది. నాలుగేళ్లుగా ఆ బొమ్మలు చూస్తున్నాం. ఆ పూలు అప్పుడే మొదటిసారి కనిపించాయి.

ఆయన ఏడవలేదు. మేమూ ఏమీ అనలేదు. కాసేపటికి అన్న "వదినగారు పెట్టిన రంగు నా ప్రింటర్‌లో రాదు సార్" అన్నాడు. గార్డు గారు తలూపారు. కుర్రాడు బండి పెట్టాడు. ఆయన వంగి ఎల్‌వీ బోర్డు చూసుకుని చెయ్యి ఊపారు. ఐదు బోగీలూ ఆగకుండా చుట్టూ తిరిగొచ్చాయి.

తర్వాత ఆయన బెంగళూరు వెళ్లారు, పూర్తిగా కాదు. ఆరు నెలలు అక్కడ, ఆరు నెలలు ఇక్కడ అని కూతురితో ఒప్పందం. బల్ల అలాగే ఉంది. ఇంటి తాళం కుర్రాడి దగ్గరుంది. వారానికోసారి వెళ్లి కిటికీలు తెరిచి, బండి నడిపి వస్తాడు. ఎంసెట్ ర్యాంకు సరిగా రాక ఆ కుర్రాడు ఫోన్లెత్తడం మానేసిన వారంలో, వాడు ఎత్తిన ఒకే ఒక్క ఫోన్ బెంగళూరు నుంచి వచ్చింది. ర్యాంకు ఎంతని ఆయన అడగలేదట. ఏమడిగారో మీకు చెప్పక్కర్లేదు.

మా ఆఫీసులో పొద్దున్నే అందరం కెమెరాలు ఆన్ చేసి "హౌ ఆర్ యూ" అనుకుంటాం. జవాబు వినకముందే తర్వాతి స్లైడ్ వచ్చేస్తుంది. తప్పు ఆ మాటది కాదు. మాట ఏదైనా ఒకటే. అడిగినవాడు జవాబు కోసం రెండు క్షణాలు ఆగుతాడా, "లేదు" అంటే గుడ్డ పట్టుకుని వస్తాడా అన్నదే తేడా.

మీకు రైళ్లు లేకపోవచ్చు. చీట్ల బృందమో, పొద్దుటి నడక బ్యాచో, మిద్దెతోటల స్నేహితులో ఉండే ఉంటారు. "వంగకి పురుగు పోయిందా?" అనో, "నిన్న గ్రౌండ్‌కి రాలేదే?" అనో మీలో మీకు ఒక మాట ఉంటుంది. వినేవాళ్లకి అందులో ఏమీ కనిపించదు. ఈ వారం ఆ మాట ఎవరికి అడగకుండా మిగిలిపోయిందో ఒకసారి చూసుకోండి. ఉంటానండీ, వచ్చే ఆదివారం మా ఇంట్లోనే. ఇంకా పట్టాలు తుడవాలి.